బోర్డు చదివేశాడని వెనక్కి పంపకండి

గజపతి జిల్లాలో కంటి శిబిరాలు నడిపే డాక్టర్లకు, ఆరోగ్య శాఖ అధికారులకు, స్వచ్ఛంద సంస్థల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను పర్లాకిమిడిలో అంగన్‌వాడీ కార్యకర్తని. మీరు శిబిరం పెట్టిన ప్రతిసారీ మా వీధి ముసలివాళ్ళని వరసలో కూర్చోబెట్టడం, చీటీలు రాయడం, ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు వేసుకుంటున్నారో లేదో ఇంటికి వెళ్ళి చూడడం నా చేతుల మీదుగానే జరుగుతుంది. కట్టు విప్పిన రోజున మనవడి మొహం చూసి ఏడ్చేసిన అవ్వలని నేను కళ్ళారా చూశాను. ఆ మేలు మరిచిపోయి రాస్తున్న ఉత్తరం కాదు ఇది. శుక్లం లేదని తేలగానే వరసలోంచి లేపి పంపేసేవాళ్ళ గురించి రాస్తున్నాను. వాళ్ళలో మా అన్నయ్య ఒకడు.

అన్నయ్య 1981లో పుట్టాడు. అయిదారేళ్ళప్పటి నుంచే పొద్దుగూకితే అమ్మ కొంగు వదిలేవాడు కాదు. కరెంటు పోతే ఎక్కడున్నవాడు అక్కడే నిలబడిపోయేవాడు. మొదట పిరికివాడన్నారు. తరవాత రేచీకటి అన్నారు. అమ్మమ్మ మేక కార్జం కాల్చి పెట్టింది. మునగాకు, అవిసాకు వండి పెట్టింది. పండక్కి మాంసం వండితే కార్జం ముక్క అన్నయ్య కంచంలోనే పడాలి, ఇంకెవరూ అడగకూడదు. అంత చేసినా వాడి రేచీకటి పోలేదు.

1993లో వాడి స్కూల్లో కంటి పరీక్ష జరిగింది. గోడకి తగిలించిన బోర్డు మీది అక్షరాలు పైనుంచి కిందదాకా గడగడా చదివేశాడు. కళ్ళు బంగారంలా ఉన్నాయి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అమ్మ పరమానందంతో గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టింది.

పెద్దయ్యాక అన్నయ్య కొమ్ము పని నేర్చుకున్నాడు. పశువుల కొమ్ముతో కొంగలు, చేపలు, రొయ్యలు చెక్కే పనికి మా ఊరు పెట్టింది పేరు. వాడు చెక్కిన రొయ్యకి మీసాలు వెంట్రుకంత సన్నంగా వచ్చేవి. అదే మనిషి లేచి రెండడుగులు వేస్తే పక్కనున్న నీళ్ళ బకెట్టుని తన్నుకుని పడేవాడు. గుమ్మానికి భుజం కొట్టుకునేవాడు. ఎదురొచ్చినవాళ్ళు చెయ్యి చాపితే అందుకునేవాడు కాదు, పొగరనుకునేవాళ్ళు. సాయంత్రం పూట రోడ్డు మీద తడబడుతూ నడుస్తుంటే తాగాడన్నారు. జీవితంలో చుక్క ముట్టని మనిషిని ఊరంతా తాగుబోతు కింద జమకట్టింది. ఆ మాట వల్లే రెండు సంబంధాలు తప్పిపోయాయి.

2004లో ఒక శిబిరానికి తీసుకెళ్ళాం. మళ్ళీ బోర్డు, మళ్ళీ చదవడం. నరాల బలహీనత అని బలం మాత్రలు, ఒక కళ్ళజోడు ఇచ్చారు. 2009లో ఇంకో చోట వరసలో మూడు గంటలు కూర్చున్నాక, టార్చి వేసి చూసి, శుక్లం లేదు కదా, ఎందుకొచ్చారన్నారు. అన్నయ్య ఆ రోజు నుంచీ క్యాంపు అనే మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. ఆ తరవాతి ఏడాది చీకట్లో మూత లేని కాలవలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

చివరికి 2014లో, వదిన పోరగా పోరగా, గుణుపురం నుంచి వచ్చే ప్యాసింజర్ రైలు ఎక్కి ముగ్గురం విశాఖపట్నం వెళ్ళాం. అక్కడ ఒక డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, లోపల చూశారు. చూసి లేచి, "మీ అమ్మానాన్నలు చుట్టాలా?" అని అడిగారు. అన్నయ్య కళ్ళ గురించి ఇరవై ఏళ్ళకి పైగా తిరిగాం. ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే.

చుట్టాలే. నాన్న మా అమ్మకి సొంత మేనమామ. అమ్మమ్మ తన తమ్ముడికే తన పెద్దకూతుర్ని ఇచ్చింది. మా తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇది కొత్తేమీ కాదని మీకూ తెలుసు.

అన్నయ్య జబ్బుకి పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి వెనక తెర మీద చీకట్లో చూడడానికీ, పక్కచూపుకీ పనికొచ్చే కణాలు ఒక రకం, వెలుతుర్లో సూటిగా చూడడానికీ రంగులకీ పనికొచ్చేవి ఇంకో రకం. ఈ జబ్బులో మొదటి రకం ముందు చచ్చిపోతాయి. అందుకే చిన్నప్పుడు రేచీకటితో మొదలై, తరవాత పక్కచూపు చుట్టూ నుంచి తరుక్కుపోతూ వచ్చి, ఆఖరికి గొట్టంలోంచి చూస్తున్నట్టు నడిమి చూపు ఒక్కటే మిగులుతుంది. చాలామందికి ఆ మిగిలింది కూడా పోతుంది. ప్రపంచం మొత్తం మీద సుమారు 4,000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని లెక్క. దక్షిణ భారతంలో జరిగిన పరిశీలనల్లో అంతకంటే ఎక్కువే కనబడింది. రొయ్య మీసం ఎలా వచ్చింది, బకెట్టు ఎందుకు కనబడలేదు అనే చిక్కు అక్కడ విడిపోయింది. మీ బోర్డు పరీక్ష చేసేది ఆ మిగిలిన నడిమి చూపునే. గొట్టంలోంచి చూసినా అక్షరాలు అక్షరాలే కదా. అది ఎంత బాగా చదివితే ఈ జబ్బున్న మనిషి అంత తొందరగా మీ వరసలోంచి బయటికి వెళ్ళిపోతాడు.

చట్టం ఈ సంగతి గుర్తించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో అంధత్వం అంటే బోర్డు చదవలేకపోవడం ఒక్కటే కాదు, చూపు విస్తారం 10 డిగ్రీలకంటే తగ్గినా అంధత్వమే. 40 డిగ్రీలకంటే తగ్గితే అది మందచూపు. మామూలు మనిషికి రెండు కళ్ళూ కలిపి ఇంచుమించు 180 డిగ్రీలు కనిపిస్తుంది. ఇదంతా తెలియక అన్నయ్య సర్టిఫికెట్టు కోసం వెళితే, అక్షరాలు చదువుతున్నావు, నీకెందుకని ఒక బల్ల దగ్గర తిప్పి పంపారు. చూపు విస్తారం కొలిచే యంత్రం మీద పరీక్ష చేయించిన కాగితం పట్టుకెళ్ళాకే పని జరిగింది. అప్పటికి వాడికి 35 ఏళ్ళు. చదువుకునే వయసులో రావలసిన సదుపాయాలు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే వయసులో దక్కవలసిన రిజర్వేషను, అన్నీ వాడి వెనక ఉండిపోయాయి. సర్టిఫికెట్టు ఇచ్చే రోజుల్లో ఆ పరీక్ష జిల్లా కేంద్రంలోనే జరిగేలా చూడండి. అది కుదరకపోతే బరంపురానికి రాసి పంపండి. అక్షరాలు చదివాడన్న ఒక్క కారణంతో మాత్రం పంపేయకండి.

శిబిరంలో అంత యంత్రం ఎక్కడ దొరుకుతుందని మీరు అనవచ్చు. ఆ డాక్టరమ్మ యంత్రం దగ్గరికి పంపేముందు చేసింది నేను చూశాను. అన్నయ్యకి ఎదురుగా మూరెడు దూరంలో కూర్చున్నారు. ఒక కన్ను మూసుకోమని, రెండో కంటితో తన ముక్కు వంకే చూడమన్నారు. తన వేలు పక్కనుంచి మెల్లగా లోపలికి తెస్తూ, కనబడగానే చెప్పమన్నారు. నాకు చెవి పక్కనుండగానే కనబడిన వేలు అన్నయ్యకి ఆవిడ చెంప దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. రెండు నిమిషాలు పట్టింది. పైసా ఖర్చు లేదు. వదిన అక్కడే గోడకి ఆనుకుని కూలబడిపోయింది, ఇన్నాళ్ళూ ఏం చూస్తున్నాడో నాకు తెలీదని.

కంటి లోపల చూసే పరికరాన్ని హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1851లోనే లోకానికి చూపించాడు. 170 ఏళ్ళు దాటిన పరికరం అది. చుక్కలు వేసి దానితో చూస్తే తెర మీద ఎముక ముక్కల్లాంటి నల్లటి మచ్చలు కనిపిస్తాయట. వరసలో అందరికీ చుక్కలు వెయ్యమని నేను అడగను, అది కుదిరే పని కాదని నాకు తెలుసు. రెండు ప్రశ్నలు అడగండి. చీకటి పడ్డాక, కరెంటు పోయినప్పుడు, సినిమా హాల్లో ఆట మొదలయ్యాక, మిగతావాళ్ళలాగా నడవగలరా? మీ ఇంట్లో, అటు అమ్మ వైపు, ఇటు నాన్న వైపు, ఇలాంటి చూపు ఇంకెవరికైనా ఉందా? ఏ ఒక్కదానికి తేడా జవాబు వచ్చినా వాళ్ళకి చుక్కలు వేసి కూర్చోబెట్టండి.

ఆ రెండో ప్రశ్న మా ఇంట్లో ఏం చేసిందో చెప్పాలి. డాక్టరమ్మ ఒక తెల్ల కాగితం తీసుకుని, మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు గీస్తూ మా వంశం అంతా రాయించారు. చుట్టాల మధ్య పెళ్ళయిన చోట రెండు గీతలు. జబ్బున్నవాళ్ళ గుర్తు నల్లగా నింపడం. మా కాగితం మీద మూడు చోట్ల రెండు గీతలు పడ్డాయి. నాన్నకి చిన్నాన్న ఒకాయన ఉండేవాడు, చీకటి పడితే అరుగు మీద గుంజ పట్టుకుని కూర్చునేవాడని, చిన్నతనంలో దెయ్యాన్ని చూసి జడుసుకున్నాడని కథ చెప్పేవారు. ఆ చదరం నల్లబడింది. అమ్మ అప్పుడు మెల్లగా, "మా చెల్లి కొడుకు కూడా రాత్రి పూట బయటికి రాడండీ" అంది.

మా పిన్నిని ఇచ్చింది పాతపట్నంలో ఉన్న పెద్ద మేనమామ కొడుక్కి. వాళ్ళబ్బాయికి అప్పటికి 14 ఏళ్ళు. వాడూ బోర్డు చదివి పాసైనవాడే. తరవాతి నెలలో వాణ్ణి తీసుకెళితే అదే జబ్బు. తేడా ఏమిటంటే వాడికి ముందే తెలిసింది. క్లాసులో ముందు బెంచీ, పరీక్షలో ఎక్కువ టైము, బైకు నేర్చుకోకపోవడం, చీకట్లో చేసే పని పెట్టుకోకపోవడం, అన్నీ తెలిసి చేసుకున్నాడు. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు, ఫోను చదివి వినిపిస్తే దానితో పని నడుపుకుంటాడు. వాడు ఎవరి నోటా తాగుబోతు అనిపించుకోలేదు.

ఇక్కడ మన సరిహద్దు సంగతి ఒకటి ఉంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పడింది, పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయి తరవాత ఆంధ్ర అయింది. మధ్యలో మహేంద్రతనయ ఏరు. కాగితాలకి అది రెండు రాష్ట్రాల హద్దు, మా పెళ్ళిళ్ళకి మాత్రం ఎప్పుడూ అడ్డు కాలేదు. మా అన్నయ్య పేరు ఒడిశా లెక్కల్లో ఉంది, పిన్ని కొడుకు పేరు ఆంధ్ర లెక్కల్లో ఉంది. ఎవరి రిజిస్టర్లో చూసినా ఒక్కో కుటుంబంలో ఒక్కో మనిషే. ఇద్దరిదీ ఒకే జబ్బని ఏ ఆఫీసులోనూ తెలీదు, మా ఇంటి కాగితం మీదే తెలుసు. అందుకే చీటీ మీద మీ జిల్లా చిరునామా రాసి ఊరుకోకుండా, ఏరు దాటి ఉన్న చుట్టాల సంగతి కూడా అడిగి రాయమంటున్నాను.

మేనరికం గురించి మాట్లాడడం నాకు కష్టమే. అయినా మాట్లాడాలి. విశాఖ తరవాత ఇంకో చోట ఒక డాక్టరు మా అమ్మ మొహం మీదే, "మేనరికం చేసుకుంటే ఇంతే, తెలిసి తెలిసి కన్నారు" అన్నాడు. అమ్మ నాలుగు నెలలు సరిగా అన్నం తినలేదు. పదహారేళ్ళ వయసులో ఆమెని ఎవరూ అడిగి పెళ్ళి చెయ్యలేదు. దయచేసి మీరెవరూ ఆ మాట అనకండి. అది వైద్యం కాదు. పైగా ఆ తిట్టు విన్నవాళ్ళు మళ్ళీ ఏ డాక్టరుకీ తాము చుట్టాలమని చెప్పరు.

నేను మా వీధిలో ఎలా చెబుతానో రాస్తాను, పనికొస్తే వాడుకోండి. ప్రతి మనిషికీ ప్రతి గదికీ రెండు తాళంచెవులుంటాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒకటి అరిగిపోయినా రెండోదానితో తలుపు తెరుచుకుంటుంది, మనకి ఏ లోటూ తెలీదు. లోకంలో అందరి దగ్గరా ఇలా అరిగిపోయిన చెవులు కొన్ని ఉంటాయి. బయటివాళ్ళని చేసుకుంటే ఇద్దరిదీ ఒకే గది చెవి అరిగి ఉండడం అరుదు. మేనరికంలో ఇద్దరి చెవులూ ఒకే తాతగారి చెవి చూసి చేయించినవి కనుక, అదే గది చెవి ఇద్దరి దగ్గరా అరిగి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకి రెండూ అరిగినవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒక బిడ్డకి వచ్చింది కదా ఇంక మిగతావాళ్ళకి రాదనుకోకూడదు, ప్రతి కాన్పుకీ మళ్ళీ అదే నాలుగింట ఒకటి.

బావామరదళ్ళ వరసవాళ్ళ రక్తంలో ఎనిమిదో వంతు ఒకటే. మేనమామ మేనకోడళ్ళకయితే నాలుగో వంతు. ఆంధ్రలో ఇప్పటికీ పెళ్ళిళ్ళలో సుమారు నాలుగో వంతు దగ్గరి బంధువుల మధ్యే జరుగుతున్నాయి. మా ఒడియా ఇరుగుపొరుగు సాధారణంగా మేనరికం చేసుకోరు, కాబట్టి ఒడియా డాక్టర్లకి ఆ ప్రశ్న అడగాలని తోచకపోవడం నాకు అర్థమవుతుంది. అందుకే గుర్తు చేస్తున్నాను, పర్లాకిమిడి, కాశీనగర్ వైపు తెలుగు ఇళ్ళకి వచ్చినప్పుడు అడగండి. అలాగని మేనరికం లేని ఇళ్ళలో ఈ జబ్బు ఉండదనుకోకండి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, సగం మంది పిల్లలకి వచ్చే రకం ఉంది. తల్లికి ఏ లోటూ లేకుండా కొడుకుల్లో సగానికి వచ్చే రకం ఉంది. లెబర్ వంశపారంపర్య కంటి నరాల జబ్బు అని ఇంకొకటి, తల్లి నుంచి మాత్రమే దిగుతుంది, ఇరవై, ముప్పై ఏళ్ళ మగపిల్లలకి కొద్ది వారాల్లోనే నడిమి చూపు పోతుంది. ఏ రకం అయినా తల్లిని నిందించడం మాత్రం మన ఇళ్ళలో ఒకేలా జరుగుతుంది.

ఇంకో మనవి, ఈ ప్రశ్నలు మైకులో అడగకండి. పదిమందిలో అడగకండి. ఇంట్లో జబ్బుందని పొక్కితే ఆడపిల్ల పెళ్ళి ఆగిపోతుందని భయం. నాకే అలాంటి అనుభవం. మా మేనత్త కొడుకుతో నా పెళ్ళి మాటలు నడుస్తున్న రోజుల్లో ఈ సంగతి తెలిసి ఉంటే మేమిద్దరం పరీక్ష చేయించుకుని తేల్చుకునేవాళ్ళం. నాకు జబ్బు లేదు, కానీ అన్నయ్యకి ఉంది కనుక నా దగ్గర ఒక అరిగిన చెవి ఉండే అవకాశం మూడింట రెండు. మా పెళ్ళి వేరే కారణం వల్ల తప్పిపోయింది. నేను బయటి సంబంధం చేసుకున్నాను, నా ఇద్దరు పిల్లల కళ్ళూ బాగున్నాయి. అది నా అదృష్టం. నా ముందు ఎవరూ కూర్చుని చెప్పలేదు, ఆ అదృష్టం మీదే వదిలేశారు.

అంగన్‌వాడీ మనిషిని కనుక విటమిన్ ఎ గురించి నాకు బాగా తెలుసు. తొమ్మిదో నెలలో ఒక లక్ష యూనిట్లు, ఆ తరవాత అయిదేళ్ళు నిండేదాకా ఆరు నెలలకోసారి రెండు లక్షలు, మొత్తం తొమ్మిది డోసులు. 1970 నుంచి దేశంలో నడుస్తున్న పని ఇది. కొండ మీద సవర ఊళ్ళలో తిండి చాలని పిల్లలకి రేచీకటి వస్తే ఆ మందు రోజుల్లోనే పని చేస్తుంది, కళ్ళు నిలబెడుతుంది. దాన్ని ఎవరూ ఆపకూడదు. కానీ అదే రేచీకటి అనే మాట కింద మా అన్నయ్య జబ్బు కూడా దాక్కుని ఉంది. మందు ఇచ్చిన రెండు నెలలకి కూడా చీకట్లో చూపు రాకపోతే, ఇంకో సీసా ఇవ్వడం కాదు, పై ఆసుపత్రికి పంపాలి. పెద్దవాళ్ళకి, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ళకి, ఈ మాత్రలు ఎక్కువ మోతాదులో అప్పగించేయకండి. అది కడుపులో బిడ్డకీ, కాలేయానికీ చెరుపు. స్టార్‌గార్డ్ అనే ఇంకో వంశపారంపర్య జబ్బులో ఎక్కువ విటమిన్ ఎ చూపుకే హాని.

మా కేంద్రానికి ఏడాదికి రెండుసార్లు పిల్లల ఆరోగ్యం చూసే బృందం వస్తుంది, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు. వాళ్ళకీ ఇదే మనవి. మా దగ్గరికి ఒక పసిపాప వచ్చేది, కళ్ళు చక్రాల్లా ఉండేవి. ఎంత అందమైన కళ్ళో అని అందరం ముద్దాడాం, నేనూ ముద్దాడాను. ఆ కళ్ళు ఎప్పుడూ నీళ్ళు కారుతూ ఉండేవి, ఎండలోకి తెస్తే గట్టిగా మూసుకునేది. నల్లగుడ్డు మీద సన్నని మంచు పట్టినట్టుండేది. అది పుట్టుకతో వచ్చే నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి పసికన్ను బెలూనులా సాగి పెద్దదవుతుంది. పాశ్చాత్య దేశాల్లో 10,000 పుట్టుకలకి ఒకరికి ఉంటే, ఆంధ్రలో ఇది 3,300 పుట్టుకలకి ఒకరికి అని లెక్క కట్టారు. కొద్ది వారాల్లోనే ఆపరేషన్ జరగాలి. ఆ పాపకి ఆలస్యమైంది, ఒక కన్నే దక్కింది. నేను ఆ పాపని చంకనెత్తుకుని ఫొటోలు దిగాను. ఆ ఫొటోలు ఇప్పుడు చూడలేను.

కంటిపాపలో తెల్లని మెరుపు, ఫ్లాషుతో ఫొటో తీస్తే ఒక కన్ను తెల్లగా పడడం, పిల్లి కన్ను అని మనవాళ్ళు అనేది, అది కంటి తెర క్యాన్సరు కావచ్చు. ముందు కనిపెడితే ప్రాణం నిలుస్తుంది. అందులో కొన్ని వంశపారంపర్యం. చిన్నప్పుడు ఈ క్యాన్సరుతో కన్ను తీయించుకున్న పెద్దవాళ్ళు మన ఊళ్ళలో ఉంటే వాళ్ళ పిల్లల కళ్ళు పుట్టిన వారంలోనే చూడాలి. ఆరో వేలు ఉంటే అదృష్టమంటారు మనవాళ్ళు. ఆరో వేలు, లావు ఒళ్ళు, రేచీకటి మూడూ కలిస్తే అది బార్డెట్ బీడల్ అనే జబ్బు కావచ్చు, మూత్రపిండాలు కూడా చూడాలి. పుట్టు చెముడున్న పిల్లలు చీకట్లో తడబడితే అది అషర్ అనే జబ్బు కావచ్చు. చెవిటి పిల్లలు చదువుకునే చోట్లకి మీ శిబిరాలు తప్పక వెళ్ళాలని అడగడం అందుకే.

"మందు లేదు, ఎందుకు తిరుగుతారు" అన్న మాట మాకు చాలాసార్లు వినబడింది. జబ్బుని వెనక్కి తిప్పే మందు లేకపోవచ్చు. అయినా చేసే పని చాలా ఉంది. రెటినైటిస్ ఉన్నవాళ్ళలో చాలామందికి పైనుంచి శుక్లం కూడా వస్తుంది, అది తీస్తే మిగిలిన చూపు తేటపడుతుంది. కంటి తెర నడుమ నీరు చేరితే దానికి మందులున్నాయి. ఎండకి తగిన కళ్ళజోడు, పెద్దగా చూపించే అద్దాలు, తెల్ల కర్ర పట్టుకుని నడిచే పద్ధతి, ఫోను చదివి వినిపించడం, ఇవన్నీ వైద్యమే. అన్నయ్యకి తెల్ల కర్ర చేతికి వచ్చిన రోజున ఊళ్ళో తాగుబోతు అనే మాట ఆగిపోయింది. వాడికి అంతకంటే పెద్ద మందు ఏ ఆసుపత్రీ ఇవ్వలేదు.

జన్యు చికిత్స సంగతి కూడా మా ఇళ్ళదాకా వచ్చింది. 2017 డిసెంబరులో అమెరికాలో ఒక మందుకి అనుమతి వచ్చింది, ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు చెడినవాళ్ళకి. అప్పట్లో రెండు కళ్ళకీ కలిపి దాని వెల 8,50,000 డాలర్లు. రెటినైటిస్ తెచ్చే జన్యువులు 80కి పైగా ఉన్నాయి. అన్నయ్యది ఆ జన్యువు కాదని రక్తపరీక్షలో తేలింది. తేలడం మంచిదే అయింది. ఎందుకంటే కంటి నరాలకి మళ్ళీ ప్రాణం పోస్తామని, ఇంజెక్షనుకి లక్షన్నర అని ఒక క్లినిక్ వాళ్ళు ఫోను మీద ఫోను చేస్తున్న రోజులవి. వదిన మంగళసూత్రం గొలుసు తాకట్టు పెట్టడానికి సిద్ధపడింది. ఏ జన్యువో తెలుసు, దానికి ఇంకా మందు రాలేదని తెలుసు కాబట్టి ఆగగలిగాం. మీ శిబిరంలో ఈ హెచ్చరిక ఒక కాగితం మీద రాసి అతికిస్తే ఎన్ని గొలుసులు నిలుస్తాయో.

ఆ కాగితం తెలుగులో, ఒడియాలో, సవర భాషలో ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళో పాఠాలు చెబుతూ సవర నేర్చుకున్నారు, సవరలకి వాళ్ళ భాషలో చదువు ఉండాలని పుస్తకాలు, నిఘంటువు రాశారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైనుతో వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన తిరిగిన ఊళ్ళోనే, మా అమ్మ చేతికి ఇంగ్లీషులో రాసిన రిపోర్టు ఇచ్చి ఒడియాలో రెండు ముక్కలు చెప్పి పంపారు. ఆమె ఆ కాగితం దేవుడి పటం వెనక దాచి రోజూ దణ్ణం పెట్టుకుంది. అందులో ఏముందో ఆమెకి తెలిసింది ఏడాది తరవాత.

పై ఆసుపత్రులు మనకి దూరం కావు. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకి భువనేశ్వర్లోనూ విశాఖలోనూ శాఖలున్నాయి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. ఎవరిని ఎక్కడికి పంపాలో రాసే చీటీ ఒకటి మీ బల్ల మీద ఉంటే చాలు. ఏరు అవతలి ఆసుపత్రికి వెళితే ఇవతలి కార్డు చెల్లుతుందో లేదో కూడా ఆ చీటీ మీదే రాయండి. మనిషి రైలు ఎక్కేది ఆ ఒక్క ముక్క తెలిస్తేనే.

కార్తీకం వెళ్ళాక మీ శిబిరాలు మొదలవుతాయి. ఈసారి పర్లాకిమిడికి వచ్చినప్పుడు శుక్లాల వరస పక్కన, కొంచెం చాటుగా, ఒక బల్లకి చోటు ఇవ్వండి. బల్ల మేమే తెచ్చుకుంటాం. చదరాలు, సున్నాలు గీసి వంశం రాయడం నాకు వచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ అడుగుతాను. సవర మాట్లాడే మా తోటి కార్యకర్త ఒకావిడ వస్తానంది. మీ డాక్టర్లు వేలు పరీక్ష చెయ్యడానికి తీరిక లేదంటే అన్నయ్య ఎదురుగా కూర్చుంటాడు, ఆ పరీక్షలో ఏది ఎలా కనబడదో వాడికంటే తెలిసినవాడు లేడు. అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు సాయంత్రానికి మీ చేతికిస్తాం, వాళ్ళకి చుక్కలు వేసి లోపల చూడడం ఒక్కటే మీరు చెయ్యవలసిన పని. తేదీ ముందుగా చెప్పండి, పాతపట్నంలో ఉన్న చుట్టాలకి కూడా కబురు పెట్టాలి.

ఇట్లు,
కొమ్ము పని చేసే ఒక అన్నయ్య చెల్లెలు,
పర్లాకిమిడి